సగటు బాగాలేదని కుండీలు తీసేయొచ్చా?

ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సంగీతం వినిపిస్తే మొక్కలు బాగా పెరుగుతాయా అన్నది నా ప్రాజెక్టు. పన్నెండు కుండీల్లో చిక్కుడు గింజలు నాటి, ఆరింటికి రోజూ రెండు గంటలు పాటలు వినిపించాను. మిగతా ఆరింటినీ వేరే గదిలో ఉంచాను. మూడు వారాల తర్వాత కొలిస్తే పాటలు విన్న మొక్కల ఎత్తు 21, 20, 19, 19, 14, 13 సెంటీమీటర్లు, విననివి 20, 19, 19, 18, 18, 17. అంటే సగటు 17.7, 18.5. నేను అనుకున్నదానికి రివర్స్‌లో వచ్చింది! గిడసబారిన ఆ రెండు మొక్కలూ తీసేస్తే పాటల గుంపు సగటు 19.75 అవుతుంది. అందరూ అలాగే చేస్తారని స్నేహితులు అంటున్నారు. రిపోర్టుకు వారమే గడువుంది, చాలా టెన్షన్‌గా ఉంది. నిజమైన శాస్త్రవేత్తలు ఇలాంటప్పుడు ఏం చేస్తారు? అనుకున్న ఫలితం రాకపోతే దాన్ని ఎవరైనా అచ్చువేస్తారా? కొలతల్లో సాయం చేసిన స్నేహితురాలి పేరు రిపోర్టులో రాయొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం: ఆ రెండు కుండీలనూ తీసేయకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. మీ ప్రాజెక్టు ఫెయిల్ కాలేదు. పాటల వల్ల మొక్కలు ఎక్కువ పెరుగుతాయా అని అడిగారు, ఈ ఏర్పాటులో అయితే అలాంటిదేమీ కనపడలేదని జవాబొచ్చింది. ఆ జవాబును ఉన్నదున్నట్టు రాస్తే అది మంచి రిపోర్టే.

ఇప్పుడు ఆ రెండు మొక్కల సంగతి. వాటిని తీసేయాలన్న ఆలోచన మీకు ఎప్పుడొచ్చింది? సగటు లెక్కగట్టి చూశాక. అవే గిడసబారిన మొక్కలు పాటలు లేని గదిలో ఉండి ఉంటే వాటి జోలికి వెళ్ళేవారా? వెళ్ళి ఉండరు. పాటలు విన్న మొక్కలే బాగా పెరిగాయని సంతోషంగా రాసేసేవారు. ఒక వైపు మొక్కల్ని జల్లెడ పట్టి, రెండో వైపు వాటిని అలాగే వదిలేస్తే, ఇక మొక్కలు చెప్పేదేమీ ఉండదు. మీరు మొదట్లో అనుకున్నదే తిరిగి మీకు వినపడుతుంది.

అసలు డేటాలోంచి ఏదీ తీసేయకూడదని కాదు. వేరు కుళ్ళిన మొక్క, కిందపడి పగిలిన కుండీ, ఇలాంటివి పక్కన పెట్టొచ్చు. కానీ ఏది పక్కన పెట్టాలో కొలవకముందే రాసుకోవాలి, ఆ నియమం రెండు గుంపులకూ ఒకేలా వర్తించాలి. పెద్ద ప్రయోగాల్లో ఈ పట్టుదల ఇంకా ఎక్కువ. ఏం కొలుస్తాం, ఎంతమందిని తీసుకుంటాం, ఏ లెక్క కడతాం అన్నది ప్రయోగం మొదలుపెట్టకముందే బహిరంగంగా నమోదు చేస్తారు. అలా నమోదు చేయని మందుల పరీక్షలను అచ్చువేయబోమని ప్రధాన వైద్య జర్నళ్ళు 2005 నుంచి నియమం పెట్టుకున్నాయి. పరిశోధకుల మీద నమ్మకం లేక పెట్టిన నియమం అనుకోకండి. ఫలితం కళ్ళముందు కనపడ్డాక ఎంత నిజాయితీపరుడికైనా మనసు ఒక వైపు లాగుతుంది.

ఎంత బలంగా లాగుతుందో తెలియాలంటే 1903లో ఫ్రాన్స్‌లో జరిగింది చూడాలి. నాన్సీ నగరంలో రెనే బ్లాండ్లో అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త కొత్త రకం కిరణాలు కనుక్కున్నానని ప్రకటించారు, వాటికి ఎన్-కిరణాలని పేరు పెట్టారు. చీకటి గదిలో, మసకగా వెలిగే ఒక చుక్క కాంతి కాస్త పెరిగినట్టు కంటికి కనపడటమే వాటికి ఆధారం. చాలామంది శాస్త్రవేత్తలు తమకూ కనపడ్డాయన్నారు. మరికొందరికి ఎంత ప్రయత్నించినా కనపడలేదు. 1904లో అమెరికా నుంచి రాబర్ట్ వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ ప్రయోగశాలకు వెళ్ళారు. కిరణాలను విడదీయడానికి పరికరంలో ఒక అల్యూమినియం పట్టకం ఉండాలి. చీకట్లో వుడ్ ఆ పట్టకాన్ని చప్పుడు కాకుండా తీసేశారు. బ్లాండ్లో మాత్రం ఎప్పటిలాగే కొలతలు చదువుతూ పోయారు, పాత అంకెలే వచ్చాయి. వుడ్ చూసింది చూసినట్టు ‘నేచర్’ పత్రికలో రాశాక ఎన్-కిరణాల కథ దాదాపు ముగిసింది.

బ్లాండ్లో మోసగాడు కాదు. ఏ అంకె రావాలో ఆయనకు ముందే తెలుసు, అంతే. మీ విషయంలోనూ నన్ను కలవరపెట్టేది ఆ రెండు కుండీల కంటే ఇదే. స్కేలు పట్టుకున్నప్పుడు ఏ కుండీ ఏ గదిదో మీ ఇద్దరికీ తెలుసు కదా. చిక్కుడు మొక్క నిటారుగా ఉండదు, వంగుతుంది. దాన్ని సాగదీసి కొలవాలా, ఉన్నట్టే కొలవాలా? మట్టి దగ్గర్నుంచా, కుండీ అంచు నుంచా? కొస ఆకు చివరిదాకానా, మొగ్గదాకానా? ఒక్కో నిర్ణయానికి అర సెంటీమీటరు తేడా వస్తుంది. మీ రెండు గుంపుల సగటుల మధ్య ఉన్న తేడా మొత్తం ముప్పావు సెంటీమీటరు పైచిలుకే. మొక్కలు ఇంకా ఉంటే ఈ వారంలోనే ఒక పని చేయండి. మీ స్నేహితురాల్ని కుండీలకు నంబరు చీటీలు అంటించి, కలగలిపి ఒకేచోట పెట్టమనండి. ఏ నంబరు ఏ గదిదో ఆమె దగ్గరే రాసి ఉంచాలి. మూడు వారాలూ చూసిన మొక్కలు కాబట్టి మీరు గుర్తుపట్టేస్తారు. అందుకే వాటిని ఎప్పుడూ చూడని ఇంకెవరితోనైనా కొలిపించండి. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలవాలో ముందే రాసిపెట్టండి. అంకెలన్నీ కాగితం మీద పడ్డాకే నంబర్ల గుట్టు విప్పాలి. కొత్త కొలతలు పాతవాటితో కలవకపోతే రెండూ రిపోర్టులో పెట్టండి.

ఇంకో లోపం కూడా ఉంది, దాన్ని మీరే రిపోర్టులో రాయాలి. ఒక గుంపు ఒక గదిలో, ఇంకో గుంపు ఇంకో గదిలో ఉన్నాయి. రెండు గదుల్లో ఎండ ఒకేలా పడదు, వేడి ఒకేలా ఉండదు. పాటలు పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా ఆ ఆరు కుండీల్నే ఎక్కువసార్లు చూసి, మట్టి ఎండినట్టు అనిపిస్తే కాసిన్ని నీళ్ళు పోసి ఉంటారు. కాబట్టి మీరు కోరుకున్నట్టే పాటల గుంపు పైకి వచ్చి ఉన్నా, ఆ ఘనత పాటలకు దక్కేది కాదు, కిటికీది కూడా కావచ్చు. పోల్చి చూడటానికి పెట్టుకునే రెండో గుంపును కంట్రోల్ అంటాం. మనం పరీక్షించే ఒక్క విషయంలో తప్ప మిగతా అన్నింటిలో అది మొదటి గుంపులాగే ఉండాలి. అక్కడ కూడా అలాంటి స్పీకరే ఉండాలి, కాకపోతే పాట రాకూడదు.

ఏ కుండీ ఏ గుంపులోకి వెళ్ళాలో కూడా మనం ఎంచకూడదు, లాటరీ వేయాలి. మనం ఎంచితే తెలియకుండానే ఏపుగా ఉన్న మొలకల్ని పాటల వైపు జరుపుతాం. క్షయ రోగానికి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందో లేదో బ్రిటన్‌లో పరీక్షించి 1948లో ఫలితం ప్రచురించారు. ఎవరికి మందు, ఎవరికి మంచం మీద విశ్రాంతి మాత్రమే అన్నది యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక తేల్చింది. ఆ నిర్ణయాన్ని సీలు వేసిన కవర్లలో ఉంచారు. ఎక్స్‌రేలు చదివిన నిపుణులకు ఏది ఎవరిదో తెలియదు. మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు. తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. అంత జాగ్రత్తగా చేశారు కాబట్టే ఆ నలుగురికీ, పద్నాలుగు మందికీ మధ్య ఉన్న తేడాను మందుకు ఆపాదించగలిగారు.

సరే, 17.7కీ 18.5కీ తేడా ఉంది కదా, అంటే పాటలు మొక్కలకు చెడు చేస్తాయా అని మీరు అడగొచ్చు. అలా కూడా రాయకండి. ఈ తేడా కేవలం అదృష్టం వల్ల వచ్చేదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మీ పన్నెండు అంకెల్నీ పన్నెండు చీటీల మీద రాయండి. బాగా కలిపి, కళ్ళు మూసుకుని ఆరు తీయండి. తీసిన ఆరింటి సగటు, మిగిలిన ఆరింటి సగటు కట్టి, తేడా రాసుకోండి. చీటీలు మళ్ళీ కలిపి మళ్ళీ తీయండి. ఇలా యాభైసార్లు చేయండి. ఇక్కడ ఏ పాటలూ లేవు, ఏ గదులూ లేవు, ఉన్నదంతా చీటీల కలబోతే. అయినా మీకొచ్చినంత తేడా, లేదా అంతకంటే పెద్దది, సగం కంటే ఎక్కువసార్లు వస్తుంది. నేను లెక్కగట్టే చెబుతున్నాను, కానీ మీరు స్వయంగా చేసి చూస్తేనే అది మనసుకు పడుతుంది. పన్నెండులోంచి ఆరింటిని తీయడానికి 924 దారులున్నాయి. అన్నింటినీ కంప్యూటర్‌తో చేయించినా మంచిదే. ఆ తేడా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి రిపోర్టులో ఒక పేరా రాయండి. చాలా రిపోర్టుల్లో కనపడని పేరా అవుతుంది.

ఈ ఆలోచనా విధానాన్ని బలంగా నిలబెట్టినవారు గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకామెను ఎలా పరీక్షించాలో ఆయన 1935లో వివరించారు. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం, వరస లాటరీతో. ఆ నాలుగింటినీ ఎంచడానికి 70 దారులున్నాయి కాబట్టి ఊరికే ఊహించేవాళ్ళకు అన్నీ సరిగ్గా తగిలే అవకాశం 70లో ఒకటే. ఆమె నోరు తెరవకముందే, ఏ జవాబొస్తే ఎంతవరకు నమ్మాలో ఆయన తేల్చేసుకున్నారు. మీ చీటీల లెక్క కూడా అదే పద్ధతి.

అనుకున్న ఫలితం రాకపోతే అచ్చువేస్తారా అని అడిగారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన ప్రశ్న ఇది. నిజం చెప్పాలంటే వేయాలి, కానీ చాలాసార్లు వేయరు. ఏదో కొత్తది కనపడిందంటే జర్నళ్ళు ఆసక్తి చూపిస్తాయి. ఏమీ కనపడలేదంటే రాసేవాళ్ళకే ఉత్సాహం ఉండదు, కాగితాలు సొరుగులోకి పోతాయి. దీనివల్ల జరిగే నష్టం ఎంతదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1980లో బ్రిటన్‌లో కొందరు వైద్యులు గుండెపోటు వచ్చినవారిలో లయ తప్పిన గుండెను సరిచేసే లోర్కైనైడ్ అనే మందును పరీక్షించారు. వందకు లోపు రోగులున్న చిన్న అధ్యయనం. లయ కుదిరింది కానీ, మందు తీసుకున్న గుంపులో తొమ్మిది మంది చనిపోయారు, తీసుకోని గుంపులో ఒక్కరు. అది కాకతాళీయం అనుకున్నారు. వ్యాపార కారణాలతో కంపెనీ ఆ మందును వదిలేసింది, అధ్యయనం అచ్చు కాలేదు.

ఈలోపు అదే తరహా మందులు చాలామందికి రాస్తూనే ఉన్నారు. గుండె లయ సరిచేస్తే ప్రాణం నిలుస్తుందన్నది వినడానికి ఎంతో సబబైన మాట. చివరికి అమెరికాలో పెద్ద ఎత్తున లాటరీ పద్ధతిలో పరీక్ష పెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందుల్ని తీసుకున్నవారిలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే ఎక్కువ మంది చనిపోతున్నారని తేలి, 1989లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. లోర్కైనైడ్ పరీక్ష చేసిన బ్రిటన్ వైద్యులు తమ పాత ఫలితాన్ని 1993లో ప్రచురించారు. అది అప్పుడే బయటికొచ్చి ఉంటే ముందస్తు హెచ్చరికగా పనికొచ్చేదని వాళ్ళే రాశారు. పదమూడేళ్ళు ఆలస్యమైనా బయటపెట్టినందుకు నాకు వాళ్ళ మీద గౌరవమే ఉంది. కానీ ఆ పదమూడేళ్ళ సంగతి తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

మీ చిక్కుడు మొక్కల మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు, ఒప్పుకుంటాను. అయినా వచ్చే ఏడాది మీ కాలేజీలో ఇంకొకరు ఇదే ప్రాజెక్టు తీసుకుంటారనుకోండి. మీ రిపోర్టులో పాటల వల్ల ఎత్తు పెరిగిందని ఉంటే, వాళ్ళకు అలా రానప్పుడు తమదే తప్పనుకుని వాళ్ళూ రెండు కుండీలు తీసేస్తారు. ఈ అలవాటు పెద్ద ప్రయోగశాలల దాకా వెళ్ళిందనడానికి ఆధారాలున్నాయి. మనస్తత్వ శాస్త్రంలో అచ్చయిన వంద అధ్యయనాల్ని వేరే పరిశోధకులు మళ్ళీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి దాదాపు అన్నీ స్పష్టమైన ఫలితం చూపించినవే. రెండోసారి అలా వచ్చినవి సుమారు 36 శాతం. అన్నీ అంకెలు దిద్దినవని కాదు. చిన్న గుంపులు, నచ్చిన లెక్కను ఎంచుకోవడం, రాని ఫలితాన్ని సొరుగులో పడేయడం, అన్నీ కలిశాయి.

అలాగని పుస్తకానికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతిదీ కొత్త ఆవిష్కరణ అనుకుని ఎగరాల్సిన పనీ లేదు. 2011 సెప్టెంబరులో ఒపెరా అనే బృందం విడ్డూరమైన ఫలితం ప్రకటించింది. జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతిక శాస్త్ర పరిశోధన కేంద్రం నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలో ఉన్న గ్రాన్ సాసో ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరాయి! నెలల తరబడి తమ లెక్కల్ని తామే తవ్వి చూసుకున్నారు, తప్పు దొరకలేదు. అప్పుడు డేటానూ పద్ధతినీ అందరి ముందూ పెట్టి, తప్పెక్కడుందో మీరూ వెతకండి అని అడిగారు. కొన్ని నెలలకు ప్రధాన కారణం తేలింది. ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించి లేదు. 2012లో మళ్ళీ కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగాన్ని దాటడం లేదని తేలింది. చాలామంది దీన్ని ఎగతాళిగా చెప్పుకుంటారు. నాకు మాత్రం విచిత్రమైన అంకె వచ్చినప్పుడు ఎలా మెలగాలో చూపిన మంచి ఉదాహరణ ఇదే.

ఫలితాల్ని పంచుకునే పద్ధతికి వస్తే, 1665లో లండన్‌లో రాయల్ సొసైటీ పత్రిక మొదలైనప్పటి నుంచీ దాని సారం పెద్దగా మారలేదు. చేసింది రాయాలి, చదివినవాళ్ళు మళ్ళీ చేసి చూడగలిగేలా రాయాలి. ఇప్పుడైతే పేపర్‌ను జర్నల్‌కు పంపితే, ఎడిటర్ దాన్ని అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపిస్తారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. వాళ్ళు ప్రయోగాన్ని మళ్ళీ చేయరు, పద్ధతిలో లొసుగులు వెతుకుతారు, ఈ కంట్రోల్ ఎందుకు లేదని నిలదీస్తారు, ఈ మాట మీ డేటా చెప్పడం లేదని కొట్టేస్తారు. దీనికి నెలలు పడుతుంది కాబట్టి చాలామంది పేపర్‌ను రివ్యూకు ముందే ప్రీప్రింట్‌గా, అంటే అచ్చుకు ముందటి ప్రతిగా, ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. భౌతిక శాస్త్రంలో ఇది 1991 నుంచీ నడుస్తోంది. అచ్చయినంత మాత్రాన అది నిజమని ముద్ర పడినట్టు కాదు. వేరేవాళ్ళు వేరేచోట చేసినా అదే వస్తేనే నమ్మకం కుదురుతుంది. తీవ్రమైన తప్పు బయటపడితే జర్నల్ ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుంటుంది.

మీ రిపోర్టు కూడా అలాగే రాయండి. పద్ధతి భాగంలో గింజల రకం, ఎంత లోతున నాటారు, ఎన్ని నీళ్ళు, స్పీకర్ ఎంత దూరంలో ఉంది, కిటికీ ఎటువైపు ఉంది, అన్నీ చెప్పండి. సగటులు మాత్రమే పెట్టి ఊరుకోకుండా పన్నెండు అంకెలూ పట్టికలో వేయండి. ఆ రెండు గిడసబారిన మొక్కల గురించి విడిగా ఒక పేరా రాయండి. కారణం ఏమై ఉంటుందో చెప్పండి, అవి లేకపోతే సగటు ఎంతయ్యేదో కూడా చెప్పండి, కానీ ఆ లెక్క ఫలితం చూశాక కట్టిందని స్పష్టంగా రాయండి. చివర్లో, మళ్ళీ చేస్తే ఏం మారుస్తారో రాయండి: ఇంకా ఎక్కువ కుండీలు, లాటరీ, మధ్యలో గదులు మార్చడం, ఏ కుండీ ఏదో తెలియని మనిషితో కొలిపించడం. వైవాలో మరి పాటలు పనిచేయలేదా అని అడిగితే, ఈ ఏర్పాటులో తేడా కనపడలేదు సార్, చిన్న తేడా ఏదైనా ఉంటే పట్టుకోవడానికి పన్నెండు కుండీలు చాలవు అని చెప్పండి. అంకెలు మార్చి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పలేరు. ముందు మీ గైడ్‌ను కలిసి అసలు పట్టిక చూపించండి. వారం గడువులో చివరి రోజుదాకా ఆగొద్దు.

ఇక మీ స్నేహితురాలి పేరు. తప్పకుండా రాయండి. ప్రాజెక్టు మీది కాబట్టి ఆమె పేరు కృతజ్ఞతల్లో ఉంటే చాలు, కానీ ఊరికే పేరు రాసి వదిలేయకుండా ఏ పని చేశారో కూడా చెప్పండి. చాలా జర్నళ్ళు కూడా ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో విడిగా రాయమని అడుగుతున్నాయి. అయితే అచ్చుకిచ్చే ముందు ఆమెకు ఒకసారి చూపించండి. మొదటిసారి కొలిచినప్పుడు ఏ కుండీ ఏ గదిదో తెలిసే కొలిచామన్న వాక్యం కూడా అందులో ఉంటుంది కదా, దానికి ఆమె ఒప్పుకోవాలి.